గుమ్మం మీది గోడను మోసేదెవరు?

ఊరు పెరిగి ఇంటి ముందు రోడ్డు వెడల్పయితే మొట్టమొదట మారేది వీధి గది. ఉన్న కిటికీ ఊడదీస్తారు, గోడ పగలగొడతారు, షట్టరు బిగిస్తారు. పండగ నాటికి అక్కడ మందుల షాపో సెల్‌ఫోన్ల దుకాణమో వెలుస్తుంది. గుంటూరైనా కరీంనగరైనా ఈ వరస మామూలే. మూడడుగుల కిటికీ ఉన్నచోట తొమ్మిదడుగుల షట్టరు వస్తోంది కదా, పైన ఏం వేస్తావని మేస్త్రిని అడిగితే, "కిటికీకి ఆరంగుళాల లింటల్ ఉందండీ, దీనికి తొమ్మిదంగుళాలది వేద్దాం, ఇంకో రెండు కమ్మీలు కలుపుదాం" అంటాడు. వెడల్పు మూడింతలైంది కాబట్టి బలం కూడా ఓ మూడింతలు పెంచితే సరిపోతుందని ఆయన లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది. గోడ మాత్రం ఆ లెక్కన బరువు వేయదు.

తలుపుకో కిటికీకో గోడలో ఖాళీ వదిలినప్పుడు దాని మీద అడ్డంగా పడుకుని పై గోడను మోసే చిన్న దూలమే లింటల్. ఎంత మందం, ఎన్ని కమ్మీలు అని తేల్చేటప్పుడు అందరూ కిందనున్న తలుపు వెడల్పు చూస్తారు. అసలు చూడాల్సినవి రెండు: పైన ఏముంది, పక్కన ఎంత గోడ మిగిలింది.

బాగా కట్టిన ఇటుక గోడలో కిటికీ మీది లింటల్‌ని మాయం చేశామనుకోండి. పై గోడంతా కుప్పకూలదు. మెట్లుమెట్లుగా అంచులున్న త్రిభుజాకారపు ముక్క ఒకటి ఊడిపడుతుంది, దానిపై గోడ నిలబడే ఉంటుంది. ఇటుకలు పేర్చే తీరే దీనికి కారణం. ఏ వరసలోని ఇటుకైనా కింది వరసలోని రెండిటి మీద చెరికొంత కూర్చుంటుంది. అందువల్ల బరువు తిన్నగా దిగకుండా వరస వరసకీ పక్కకు జరుగుతూ, ఖాళీకి అటూ ఇటూ ఉన్న గోడలోకి వెళ్ళిపోతుంది. ఎవరూ కట్టకపోయినా గోడలో ఒక కమాను తయారై ఉంటుంది. ఆ కమాను కింద చిక్కుకున్న త్రిభుజం బరువు ఒక్కటే లింటల్ వాటా.

ఈ త్రిభుజం భుజాలు ఎంత వాలుగా ఉంటాయన్నది గోడ కట్టుబడిని బట్టి ఉంటుంది. కొన్ని దేశాల్లో 45 డిగ్రీలు తీసుకుంటారు. మన ఇంజినీర్లు ఎక్కువగా 60 డిగ్రీలు తీసుకుంటారు, అంటే మూడు వైపులా సమానంగా ఉండే త్రిభుజం. మూడడుగుల కిటికీ, తొమ్మిదంగుళాల గోడ అనుకుని లెక్క కడదాం. రెండు పక్కలా గోడ మీద ఆనే భాగంతో, అంటే ఆనికతో కలిపి లింటల్ పొడవును సుమారు 1.05 మీటర్లుగా తీసుకుంటే, పైనున్న త్రిభుజంలోని ఇటుక కట్టుబడి 200 కిలోలకు కాస్త ఎక్కువ తూగుతుంది. ఇద్దరు ముగ్గురు మనుషుల బరువు. దీన్ని మోయడానికి అడుగున రెండు 8 మిల్లీమీటర్ల కమ్మీలున్న ఆరంగుళాల కాంక్రీటు లింటల్ ధారాళంగా చాలు. మన ఇళ్ళలో చిన్న కిటికీల మీద వేసే 12 మిల్లీమీటర్ల కమ్మీల్లో సగం ఇనుము కేవలం ధైర్యం కోసమే.

ఇప్పుడు వెడల్పు పెంచి చూడండి. ఖాళీ రెట్టింపైతే త్రిభుజం అడుగూ ఎత్తూ రెండూ రెట్టింపవుతాయి, అంటే బరువు నాలుగింతలు. దూలాన్ని వంచే శక్తి బరువును బట్టి, పొడవును బట్టి కూడా పెరుగుతుంది కాబట్టి అది ఎనిమిదింతలు. ఖాళీ మూడింతలైతే వంపు 27 రెట్లు. మేస్త్రి అనుకున్న మూడింతలు ఎక్కడ, 27 రెట్లు ఎక్కడ!

అదైనా గోడ ఒక్కటే ఉన్నప్పటి మాట. కమాను తయారు కావాలంటే గోడకు కొన్ని వసతులుండాలి. త్రిభుజం కొనకు పైన కూడా కొంత గోడ ఉండాలి. ఖాళీకి రెండు వైపులా, కమాను పక్కకు తోసే తోపుడును తట్టుకునేంత గోడ మిగలాలి. సుమారుగా ఖాళీ వెడల్పులో సగమైనా ఒక్కో పక్క ఉండాలి. త్రిభుజం లోపల శ్లాబు గానీ, దూలం కొస గానీ, మరో కిటికీ గానీ దూరకూడదు. దూరితే వాటి బరువు నేరుగా లింటల్ నెత్తిన పడుతుంది.

మన ఇళ్ళ కొలతలను దీనితో పోల్చి చూస్తే చిక్కు తెలుస్తుంది. లింటల్ లెవెలు ఏడడుగులు, శ్లాబు పదడుగులు. మధ్యనున్న గోడ మూడడుగులే. 60 డిగ్రీల త్రిభుజం ఎత్తు దాని అడుగులో దాదాపు 87 శాతం. అంటే మూడడుగుల కిటికీకే త్రిభుజం కొన శ్లాబును అంటుకోబోతుంటుంది. నాలుగడుగులు దాటిందంటే శ్లాబు త్రిభుజాన్ని అడ్డంగా కోసేసినట్టే. తొమ్మిదడుగుల షట్టరు మీద కమాను అన్న మాటకే చోటు లేదు.

అప్పుడు బరువెంత? షట్టరు మీది లింటల్ పొడవు ఆనికతో కలిపి 3 మీటర్లనుకుందాం. పైన మూడడుగుల ఎత్తు గోడ: సుమారు 1200 కిలోలు. గది లోతు పన్నెండడుగులైతే శ్లాబులో సగం, అంటే ఆరడుగుల మేర, ఈ గోడ మీదికి వస్తుంది. శ్లాబు సొంత బరువు, పైన వేసిన సున్నపు కాంక్రీటో పలకలో, మనుషులూ సామానూ అన్నీ కలిపి చదరపు మీటరుకు 600 కిలోలు అనుకుంటే ఇంకో 3200 కిలోలు. మొత్తం నాలుగు టన్నులు దాటింది. పైన ఇంకో అంతస్తుంటే, ఆ గోడా ఆ శ్లాబూ కలిపి పదకొండు టన్నుల పైమాటే. కిటికీ లింటల్ మోసింది 200 కిలోలు. ఒక్క అంతస్తు ఇంట్లోనే వంచే శక్తి నలభై రెట్లు దాటుతుంది. ఇక్కడ కావలసింది లింటల్ కాదు, లెక్క కట్టి వేసిన బీము.

పిల్లర్లూ బీములూ లేచాక మధ్యలో ఇటుకలు నింపిన ఇళ్ళకు ఈ భయం చాలావరకు లేదు. అక్కడ శ్లాబు బరువు బీముల ద్వారా పిల్లర్లకు పోతుంది, గోడ తన బరువు తాను మోసుకుంటుంది. గోడల మీదనే శ్లాబు కూర్చున్న పాత ఇళ్ళతోనే ఇబ్బంది. సగం పిల్లర్లు, సగం గోడలు అన్న పద్ధతిలో కట్టిన ఇళ్ళు మరీ ప్రమాదం, ఎందుకంటే ఏ గోడ ఏం మోస్తోందో ఇంటాయనకే తెలియదు. తేలిక ఇటుకల గోడలైతే త్రిభుజం బరువు మామూలు ఇటుకతో పోలిస్తే మూడో వంతే గానీ, అవి నలిగే గుణం కూడా ఎక్కువ. అక్కడ లింటల్ కొసలను గోడ మీదికి ఇంకాస్త లోపలికి పోనివ్వాలి.

ఈ కొసల సంగతి జనం పెద్దగా పట్టించుకోరు. లింటల్ విరగడం కన్నా దాని కొస కింద ఇటుకలు నలగడం ఎక్కువ. చిన్న కిటికీకి ఒక్కో పక్క ఆరంగుళాల ఆనిక చాలు. మన షట్టరు బీము కొస ఒక్కోటి, తన సొంత బరువుతో కలిపి, రెండున్నర టన్నులు దింపుతుంది. మామూలు ఎర్ర ఇటుక గోడ చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోల దాకా నిశ్చింతగా మోస్తుందనుకుంటే, తొమ్మిదంగుళాల గోడలో తొమ్మిదంగుళాల ఆనిక కావాలి. పైన అంతస్తుంటే ఒక్కో కొసకు ఆరు టన్నులు; అప్పుడు ఆనిక అడుగున్నర దాటిపోతుంది. షట్టరు పెట్టాక పక్కన మిగిలే గోడే అడుగున్నర. అందుకే అలాంటి చోట కొసల కింద కాంక్రీటు దిమ్మె వేయాలి, లేదా పునాది నుంచి పిల్లరు లేపాలి.

మనుషులు ఈ సమస్యతో వేల ఏళ్ళుగా కుస్తీ పడుతూనే ఉన్నారు. గ్రీసు దేశంలోని మైసీనే కోట సింహద్వారం మీద ఇరవై టన్నుల వరకు ఉంటుందనే రాతి దూలం ఉంది. క్రీస్తుకు పూర్వం 13వ శతాబ్దపు పని అది. దాని మీద గోడను కట్టకుండా త్రిభుజాకారంలో ఖాళీ వదిలి, అందులో సింహాల శిల్పమున్న పలుచని ఫలకాన్ని నిలబెట్టారు. ఇటుకల్లో కనిపించని త్రిభుజాన్ని వాళ్ళు రాళ్ళలో కళ్ళెదుటే చూపించారు.

రాయికి ఉన్న లోపం వేరు. పచ్చి వేపపుల్లను వంచి చూడండి: లోపలి వైపు నలుగుతుంది, బయటి వైపు సాగి పీచులు చిట్లుతాయి. దూలంలోనూ అంతే. పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, సాగదీస్తే మాత్రం ముందస్తు సూచన లేకుండా పుటుక్కున విరుగుతుంది. హనుమకొండలో 1163 నాటి వేయి స్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉండటానికి అందం ఒక్కటే కారణం కాదు. రాతి దూలం చాలా దూరం దాటలేదు, కాబట్టి కింద స్తంభాలు పెంచాలి. హైదరాబాదులో 1591లో చార్మినార్ కట్టినవారు ఒక్కో వైపు సుమారు 11 మీటర్ల ద్వారం తెరవగలిగారంటే అది కమాను చలవ. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, సాగదీత అన్నది ఉండదు. దానికి బదులుగా కమాను రెండు పక్కలా గట్టిగా తోస్తుంది. ఆ తోపుడుకు అడ్డు నిలవడానికి పక్కన బరువైన కట్టడం ఉండాలి.

గెలీలియో గృహనిర్బంధంలో ఉండగా 1638లో అచ్చయిన పుస్తకంలో ఒక పాలరాతి స్తంభం కథ చెప్పాడు. దాన్ని రెండు దుంగల మీద పడుకోబెట్టారు. మధ్యలో విరుగుతుందేమోనని ఒకతను నడుమ కింద మూడో దుంగను కూడా పెట్టించాడు. కొన్ని నెలలకు స్తంభం సరిగ్గా ఆ మూడో దుంగ మీదే విరిగింది. కొసనున్న ఒక దుంగ కుళ్ళి కుంగిపోయింది. నడిమి దుంగ గట్టిగా నిలిచింది. దాంతో స్తంభం ఒక కొస గాలిలో వేలాడి, పైభాగం సాగి విరిగిందన్నమాట. మన పనివాళ్ళకు ఈ కథ ఒక్కటి చెబితే సన్‌షేడ్ల ప్రమాదాలు సగం తగ్గుతాయి.

ఎందుకంటే లింటల్‌కూ, దానితో కలిపి బయటికి వేసే సన్‌షేడుకూ కమ్మీ పెట్టే చోటు వేరు. కాంక్రీటు కూడా రాయి లాంటిదే. మామూలుగా వాడే 20 గ్రేడు కాంక్రీటు నొక్కుడును చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల దాకా తట్టుకుంటే, వంచినప్పుడు వచ్చే సాగదీతను మూడు న్యూటన్లకు మించి తట్టుకోదు. ఆ పని ఇనుముకు అప్పగిస్తాం. వేడికి కాంక్రీటూ ఇనుమూ ఇంచుమించు ఒకే మేర వ్యాకోచిస్తాయి కాబట్టి ఎండాకాలం ఈ జోడీ విడిపోదు. రెండు పక్కలా ఆనిన లింటల్ అడుగున సాగుతుంది, కాబట్టి ముఖ్యమైన కమ్మీలు అడుగున ఉండాలి. ఒక్క పక్కే పట్టు ఉన్న సన్‌షేడు పైన సాగుతుంది, కాబట్టి అక్కడ పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు కమ్మీల జాలీ మీద నడిస్తే పై కమ్మీలు అడుగుకు దిగబడతాయి. అప్పుడు సన్‌షేడులో ఇనుము ఉన్నట్టే ఉంటుంది, పనికి మాత్రం రాదు. ఆధారాలు తీసిన రోజు కాకపోతే వానాకాలం ఎవరో దాని మీదికెక్కి నిలబడ్డ రోజు విరిగిపడుతుంది. ఇంకొక సంగతి: సన్‌షేడు ముందుకు తూగకుండా వెనక నుంచి పట్టి ఉంచేది లింటల్ మీది గోడ బరువే. ఆ గోడ లేవకముందే కింది కర్రలు తీసేయడం తొందరపాటు కాదు, తెలివితక్కువ.

ముందే పోసి తెచ్చే లింటళ్ళతో చిక్కు మరొకటి. పైనా కిందా ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి పెడితే కమ్మీలు పైకి పోతాయి. పోసిన రోజే పై ముఖం మీద రంగుతో గుర్తు పెడితే సరి.

ఖర్చు తగ్గించే దారులు లేకపోలేదు. కేరళలో పనిచేసిన వాస్తుశిల్పి లారీ బేకర్, చిన్న ఖాళీల మీద అంత కాంక్రీటు దండగని వాదించాడు. ఇటుకలను అంచు మీద రెండు వరసలుగా నిలబెట్టి, నడుమ సందులో ఒకటి రెండు కమ్మీలు వేసి కాంక్రీటు నింపితే చాలంటాడు. పైన శ్లాబు బరువు లేని చోట ఆయన మాట అక్షరాలా నిజం. మన పల్లెటూళ్ళలో టేకు, నల్లమద్ది చెక్కలను గోడ మందమంతా పరుచుకునేలా పక్కపక్కనే వేసేవారు. చెక్క సాగదీతను బాగానే ఓర్చుకుంటుంది, చెదలనే ఓర్చుకోలేదు. కడప బండను చిన్న కిటికీ మీదికీ అటకకూ వాడుకోవచ్చు, శ్లాబు దిగే చోట మాత్రం వద్దు. ఇనుప గర్డర్లు తొందర పనులకు నప్పుతాయి, ఎక్కించిన వెంటనే బరువు మోస్తాయి. వాటికి తుప్పు శత్రువు. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి లోపల నుంచి ఉబ్బి గోడను చీలుస్తుంది. కాంక్రీటు లింటల్ అడుగున పొడుగునా గీత గీసినట్టు బీట పడితే లోపల జరిగేది అదే. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో కమ్మీకి కింద కాంక్రీటు పొర మందంగా ఉండాలి, కమ్మీని ఎత్తిపట్టే కవర్ బ్లాకులు తప్పనిసరి.

మన వైపు ద్వారబంధాన్ని ముందే పూజ చేసి నిలబెట్టి, దాని చుట్టూ గోడ లేపుతారు. తర్వాత లింటల్ పోసేటప్పుడు ఆ చెక్కనే అడుగు పలకగా వాడేసుకుంటారు. కింద సరుగుడు కర్రలో జాకీలో పెట్టకపోతే పచ్చి కాంక్రీటు బరువుకు పైచెక్క నడుము వంగుతుంది. ఆ తర్వాత తలుపు బిగుసుకుందని వడ్రంగిని తిడతారు. గోడ బరువులో ఒక్క కిలో కూడా చౌకట్టు మీద పడకూడదు.

ఇవన్నీ కిందికి దిగే బరువు గురించిన మాటలు. నేల అడ్డంగా ఊగితే లింటల్‌కు రెండో ఉద్యోగం వస్తుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు ప్రాంతంలో వచ్చిన భూకంపంలో మట్టితో కట్టిన మందపాటి రాతిగోడలు మూలల్లో విడిపోయి జనం మీద పడ్డాయి. వేలమంది పోయారు. గోడలన్నిటినీ కట్టి ఉంచే పట్టీ ఏదీ వాటికి లేదు. విడివిడి లింటళ్ళకు బదులు, అన్ని గోడల చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీని లింటల్ ఎత్తులో వేయమని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4326 చెబుతుంది. ఇలాంటి ఆలోచనలు మన ఉపఖండంలో 1930ల్లోనే క్వెట్టా వైపు కట్టిన రైల్వే క్వార్టర్లలో మొదలయ్యాయి. 1935 భూకంపంలో ఊరు నేలమట్టమైతే అవి నిలిచాయి. పట్టీకి మందం మూడంగుళాలైనా సరే, కమ్మీలు మూలల దగ్గర ఆగకుండా మలుపు తిరిగి పక్క గోడలోకి పోవాలి. మూలన కోసేస్తే పట్టీకి అర్థం లేదు.

తెలుగునాట భూకంపాల మాటెందుకంటారేమో. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు. మూడూ 5 తీవ్రత దాటినవే. భూకంప భయం బాగా ఉన్న చోట్ల ఒక్క అంతస్తు ఇంట్లోనైనా గోడ పొడవులో ఖాళీలు సగానికి మించకూడదని ఐ.ఎస్. 4326 ప్రమాణమే అంటుంది. షట్టరు పెట్టిన వీధి గోడలో ఎంత మిగిలిందో టేపుతో కొలిస్తే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఏం జరుగుతోందో గోడే చెబుతుంది. కిటికీ మీద మెట్లుమెట్లుగా లేచి త్రిభుజంలా కలిసే బీటలుంటే లింటల్ కుంగుతోంది. లింటల్ అడుగున నడిమధ్య నిలువు చీలిక ఉంటే దాని బలం చాలడం లేదు. కొస కింద ఇటుకలు పొడి రాలుతుంటే ఆనిక చాలలేదు. గాజుముక్కను సిమెంటుతో బీట మీద అడ్డంగా అతికించి, తేదీ రాసి పెట్టండి. అది పగిలితే బీట ఇంకా పెరుగుతున్నట్టే.

ఇక షట్టరు పెట్టక తప్పదనుకుంటే పని వరస ఇది. గోడ మీద శ్లాబు ఉందో లేదో ముందు ఇంజినీరుతో తేల్చుకోండి. ఉంటే, సుత్తి ఎత్తకముందే గదిలోపల శ్లాబుకు జాకీలు పెట్టించండి. పై గోడలో అడుగున్నర, రెండడుగుల దూరంలో చిన్న కన్నాలు పొడిచి, అడ్డంగా ఇనుప దూలాలు దూర్చి, రెండు వైపులా పోట్లతో పై గోడను ముందే ఎత్తి పట్టాలి. ఆ తర్వాతే కింది గోడ తీయాలి. కొత్త బీము వేశాక దానికీ పాత ఇటుకలకూ మధ్య సందులో తడి తక్కువగా కలిపిన గట్టి సిమెంటు మాలును కూరి కూరి నింపాలి. ఆ సందు వదిలేస్తే బీము బరువు అందుకునేలోపే గోడ కిందికి దిగి చీలుతుంది. పోసిన బీముకు నీళ్ళు కట్టడం మానొద్దు. దుకాణం ప్రారంభం ముహూర్తం ఎప్పుడున్నా సరే, ఆరు మీటర్ల లోపు బీముకు కింది ఆధారాలు 14 రోజులు ఉంచాలని ఐ.ఎస్. 456 చెబుతుంది.